ఒక్క విండోసునకు ఇన్ని తరగతులేల?

అంగడికి బోయి బియ్యము కొనువాడు నాలుగు గింజలు అరచేతిలో వేసికొని, నలిపి, కొరికి చూచి గాని సంచి విప్పడు. బట్ట కొనువాడు అంచు త్రిప్పి నేత చూచును. కుండ కొనునామె వ్రేలితో కొట్టి మ్రోత వినును. ఈ తెలివి మన పెద్దలకు బడిలో వచ్చినది కాదు. చెమటోడ్చి సంపాదించిన డబ్బు వారికి నేర్పిన పాఠమిది. అయితే నేడు మన యిండ్లలోనికి వచ్చుచున్న వస్తువులలో నొకదానిని మాత్రము మనము నలుపలేము, కొరుకలేము, కొట్టి చూడలేము. అది కంప్యూటరును నడపించు ఆపరేటింగు సిస్టము. కొనునప్పుడు దానినిగూర్చి మనకు దెలియునది పేరొక్కటియే. ఆ పేరైనను తిన్నగా నుండక పలు తోకలతో వచ్చుచున్నది. ఆ తోకలవలన సామాన్య కుటుంబములకు గలుగు నష్టము చిన్నది కాదని మేము కన్నులార జూచితిమి. కావున తలిదండ్రులకును విద్యార్థులకును నాలుగు మాటలు విన్నవింపబూనితిమి.

గత విద్యాసంవత్సరపు తొలిదినములలో మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తండ్రి మమ్ము జూడవచ్చెను. ఆయన కుట్టుపని చేసి సంసారము నడపుకొనువాడు. రెండేండ్లు కూడబెట్టి కుమార్తెకు లాప్‌టాపు కొనియిచ్చెను. తెలుగు టైపు అభ్యాసమునకై మేము పిల్లలకిచ్చు ప్రోగ్రాము దానిలో ఎక్కలేదు. కొన్న అంగడికే తీసికొని పోగా, “ఇది హోము, దీనిలో ప్రో వేయవలెను” అని చెప్పి నాలుగు వేల రూపాయలు తీసికొనిరి. ప్రోగ్రాము ఎక్కినది. కాని ఆయన మనస్సు కుదుటపడలేదు. రసీదు మా ముందుంచి, “మాస్టరుగారూ, కొన్ననాడూ విండోసే అన్నారు, నిన్ననూ విండోసే అన్నారు. మరి ఈ నాలుగు వేలు దేనికండీ?” అని యడిగెను.

మేము ఏండ్ల తరబడి కంప్యూటరు పాఠము చెప్పుచున్నను ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు బదులు చెప్పలేకపోతిమి. ఆ సాయంకాలము కూర్చుండి చదివి తెలిసికొన్న పిమ్మట మాకు సిగ్గును దుఃఖమును ఒక్కసారిగా కలిగినవి. ఆ లాప్‌టాపులో నున్నది ‘విండోసు 11 హోము, సింగిల్ లాంగ్వేజి, ఎస్ మోడు’ అనునది. ప్రోగ్రామును అడ్డగించినది హోము కాదు. కడపటనున్న ఎస్ మోడు. ఎస్ మోడులో నున్న యంత్రము మైక్రోసాఫ్టువారి స్టోరునుండి తెచ్చుకొన్న ప్రోగ్రాములను దప్ప మరి దేనిని నడపనీయదు. దానినుండి బయటికి వచ్చుటకు ప్రో కొననక్కరలేదు. సెట్టింగ్సులో యాక్టివేషను అను చోటికి బోయి, అచ్చటినుండి స్టోరునకు బోయి, ఒక్క మీట నొక్కిన చాలును. దానికి పైసా ఖర్చు లేదు. ఒకసారి విడిచిన ఎస్ మోడునకు మరల పోవుటకు వీలులేదన్నది మాత్రమే గమనింపదగినది. అంగడివారు తెలిసి చెప్పిరో తెలియక చెప్పిరో మేము తీర్పు తీర్పజాలము. ఒకటి మాత్రము నిజము: ఆ నాలుగు వేలు విండోసు వెల కాదు, ఒక మాట తెలియకపోవుటకు ఆ తండ్రి చెల్లించిన వెల.

ఇతరుల తప్పు చెప్పునప్పుడు మా తప్పును దాచుట న్యాయము గాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాల ప్రయోగశాలకు కంప్యూటర్లు కొనునప్పుడు ఆర్డరు కాగితముపై ‘విండోసుతో సహా’ అని మాత్రమే వ్రాసితిమి. వచ్చినవన్నియు హోము యంత్రములు. ఒక్క సర్వరు క్రింద అన్నిటిని చేర్చి, ఒక్కచోటనుండి కట్టుబాట్లు విధించు సదుపాయము హోములో లేదని అవి బల్లలపై కూర్చున్న తరువాత గాని మాకు దెలియలేదు. నాటినుండి ఏ చిన్న మార్పైనను ఒక్కొక్క యంత్రము ముందు కూర్చుండి చేతితో చేయవలసివచ్చినది. పంపినవారిని నిందింప వీలులేదు. మేము వ్రాసినదే వారు పంపిరి. ట్రెయినింగు కళాశాలలో బోధనాభ్యాసము చేసినవారమే ఇట్లు పొరబడగా, కుట్టుమిషను ముందు దినమంతయు వంగి కూర్చుండు తండ్రి పొరబడుటలో వింతయేమున్నది?

అసలు చిక్కు ఎక్కడనున్నదో విద్యార్థులు తెలిసికొనవలెను. విండోసు పేరులో మూడు వేర్వేరు సంగతులు ఒకదానిపై నొకటి పేర్చబడియున్నవి. మొదటిది సంఖ్య. 10, 11 అను అంకెలు తరమును దెలుపును. రెండవది హోము, ప్రో వంటి బిరుదు. అది తరగతిని దెలుపును. మూడవది సింగిల్ లాంగ్వేజి, ఎస్ మోడు వంటి తోక. అది కట్టుబాటును దెలుపును. సింగిల్ లాంగ్వేజి అనగా తెరపైనుండు మాటలు ఒక్క భాషలోనే యుండును, మార్చుకొన వీలులేదని అర్థము. తెలుగులో టైపు చేయుటకు అది అడ్డురాదు. తరము, తరగతి, కట్టుబాటు అను నీ మూడును వేరుగా నుంచి చూచినవానికి సగము చిక్కు విడిపోవును.

ఈ తరగతులు మొదటినుండి ఇన్ని లేవు. 1995లో వచ్చిన విండోసు 95 సామాన్య జనులకు ఒక్కటియే. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు ఇంటికి హోము, కార్యాలయమునకు ప్రొఫెషనలు అని రెండు చేసిరి. అంతవరకు ఎవరికిని కష్టము లేదు. పేరే అర్థమును దెలుపుచుండెను. మన తెలుగువారు ఇంకొక సంగతి జ్ఞాపకముంచుకొనదగును. ఆ ఎక్స్‌పీతోనే గౌతమి అను తెలుగు అక్షరముల ఫాంటు వచ్చినది. గోదావరి పాయ పేరుగల ఆ అక్షరములు హోము కొన్నవానికిని ప్రొఫెషనలు కొన్నవానికిని ఒక్క రీతిగానే లభించినవి.

2007 జనవరిలో విస్టా వచ్చుటతో తరగతులు ఆరైనవి: స్టార్టరు, హోము బేసికు, హోము ప్రీమియము, బిజినెసు, ఎంటర్‌ప్రైజు, అల్టిమేటు. అమెరికాలో హోము బేసికు వెల 199 డాలర్లు, అల్టిమేటు వెల 399 డాలర్లు. స్టార్టరు అనునది బీద దేశముల అంగళ్లకు మాత్రమే ఉద్దేశింపబడినది. అది ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరవనీయదు. తరువాత 2009లో వచ్చిన విండోసు 7 స్టార్టరులో ఆ నిబంధన తొలగిపోయినది గాని, తెర వెనుక బొమ్మను మార్చుకొనుటకు వీలు లేకుండ జేసిరి. 2012లో ఆర్‌టీ అను వేరొక రూపము వచ్చినది. చూచుటకు విండోసు 8 వలెనే యుండును గాని, అంతకుముందు జనులు కొనియుంచుకొన్న ప్రోగ్రాము లొక్కటియు దానిలో ఎక్కవు. 2015లో విండోసు 10, 2021లో విండోసు 11 వచ్చినవి. పాఠశాలలకని ఎస్‌ఈ అను మరియొక రూపమును 2021లోనే ప్రకటించి, కొలది సంవత్సరములకే దానికి స్వస్తి చెప్పుదుమనిరి. అంకెలైనను వరుసగా లేవు, 8.1 తరువాత 9 లేకుండ 10 వచ్చినది. లెక్కల పరీక్షలో మా విద్యార్థి ఇట్లు వ్రాసినయెడల మేము మార్కు లీయము.

ఇక న్యాయాన్యాయముల విచారణకు వత్తము. ఒకే వస్తువును పలు తరగతులుగా అమ్ముట తనంతట తాను దోషమని మేము చెప్పము. రైలుబండిలో స్లీపరు కలదు, ఏసీ పెట్టెలు కలవు. పుస్తకమునకు కాగితపు అట్టయు గుడ్డ అట్టయు కలవు. డబ్బున్నవాడు ఎక్కువ యిచ్చుటచేత లేనివానికి తక్కువకు దొరకుట కొంతవరకు మేలే. కాని రైలు తరగతులలో రెండు సుగుణము లున్నవి. మొదటిది, టిక్కెట్టు కొనువానికి తాను కొనుచున్నదేమో తెలియును. రెండవది, ఏ పెట్టెలో నెక్కినను అందరును విజయవాడకే చేరుదురు. స్లీపరు ప్రయాణికుని నడుమ స్టేషనులో దింపి, ‘మిగిలిన దారికి మరల చెల్లింపుము’ అని యెవరును అనరు.

విండోసు తరగతులలో ఈ రెండు గుణములును కొరవడినవని మా అభిప్రాయము. విస్టా డిస్కుపై ఇంటికి, కార్యాలయమునకు అమ్మిన తరగతులన్నియు కలిసియే యుండెను. కొన్నవానికిచ్చిన అంకెల తాళపుచెవి ఏ గదిని తెరచునో ఆ గదియే అతనిది. నేడు కూడ హోమును ప్రోగా మార్చుటకు క్రొత్త తాళపుచెవి చాలును. అనగా తక్కువ తరగతి వస్తువు చేయుటకు తక్కువ ఖర్చు కాలేదు. చేసిన వస్తువునకు తాళము వేయుటయే దానిలోని పని. తెర బొమ్మను మార్చనీయకుండుటవలన ఎవరి ఖర్చు తగ్గినది? ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జూల్ డుప్వీ 1849లోనే ఈ మర్మమును రైలుబండ్ల విషయమున గ్రహించెను. మూడవ తరగతి పెట్టెలకు కప్పు వేయకపోవుట డబ్బు చాలక కాదనియు, రెండవ తరగతి టిక్కెట్టు కొనగలవాడు భయపడి మూడవ తరగతికి రాకుండుటకే యనియు ఆయన వివరించెను. బీదవానిని బాధించుట కంపెనీవారి ఉద్దేశము కాదు, ధనవంతుని బెదరించుటయే. కాని వానలో తడిసినది బీదవాడే గదా!

పేరు తెలియకపోవుట సామాన్యుల దోషమేయని కొందరందురు. వారు ఒక్క వ్యాజ్యమును వినవలెను. విస్టా రాకముందు 2006లో కొన్ని కంప్యూటర్లపై ‘విండోసు విస్టా కేపబుల్’ అను చీటీ అంటించి అమ్మిరి. వానిలో పెక్కింట హోము బేసికు మాత్రమే సరిగా నడచును. ప్రకటనలలో చూపిన అందమైన తెర వానికి రాదు. కొన్నవారు 2007లో అమెరికాలోని సియాటిల్ నగరపు న్యాయస్థానమున దావా వేసిరి. 2008లో ఆ దావాలో మైక్రోసాఫ్టు అధికారుల ఉత్తరములు బయటపడినవి. ఆ సంస్థ ఉపాధ్యక్షులలో నొకరైన మైక్ నాష్ తానే ఆ చీటీని నమ్మి 2,100 డాలర్లు పోసి లాప్‌టాపు కొని, అది ఈమెయిలు చూచుకొనుటకు దప్ప కొరగాకపోయినదని వాపోయెను! దావాకున్న సామూహిక హోదాను న్యాయాధిపతి 2009లో తొలగించినందున కొన్నవారందరికిని కలిసి పరిహారము దొరకలేదు. అమ్ము సంస్థ ఉపాధ్యక్షుడే తన చీటీని చదివి మోసపోయినప్పుడు, మన ఊరి దర్జీని అజ్ఞాని యనుటకు ఎవరికి నోరు వచ్చును?

ఇట్లు చేయుట అనివార్యమా యన్నచో, కాదు. ఆపిల్ సంస్థ తన మాక్ యంత్రముల సిస్టమును ఇండ్లవారికి ఒక్క రూపముననే యిచ్చుచున్నది. 2007 జూనులో స్టీవ్ జాబ్స్ సభలో నిలిచి, తమ క్రొత్త సిస్టము బేసికు 129 డాలర్లు, ప్రీమియము 129 డాలర్లు, అల్టిమేటును 129 డాలర్లేయని చమత్కరింపగా జనులు గొల్లున నవ్విరి. అయితే ఆ యంత్రముల వెల మనవంటివారి అందుబాటులో లేదన్నదియు నిజమే. ఇక లినక్సు ఉచితము. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు దానిపైననే నేర్చుకొనుచున్నారు. మన నాట స్వేచ్ఛ అను సంస్థ లినక్సును తెలుగు మాటలతో సిద్ధపరచినది. లినక్సులోను ఉబుంటు, డెబియన్, ఫెడోరా యని పేర్లు పెక్కు గలవు. క్రొత్తవానికి అచ్చటను తల తిరుగును. కాని అవి వేర్వేరు వంటలేగాని ఒక వంటకు వేసిన తాళములు కావు. తప్పుదానిని ఎంచుకొన్నవానికి ఒక సాయంకాలము పోవును, నాలుగు వేలు పోవు.

కావున చేసి అమ్ము పెద్దసంస్థలకు మా విన్నపమొక్కటి. తరగతులు పెట్టదలచిన పెట్టుడు. కాని పెట్టెమీద, వెలప్రక్కన, కొనువాని భాషలో, ఇది చేయునదేమి, చేయనిదేమి అని నాలుగు పంక్తులు వ్రాయుడు. మందుసీసామీద మందుపేరు వ్రాయుట ఎంత ధర్మమో ఇదియు నంత ధర్మము. అంగడివారికిని మా మనవి యదియే. తెలియనప్పుడు తెలియదనుట నష్టము గాదు. అట్టి అంగడికే జనులు మరల వత్తురు.

తలిదండ్రులకు మా సలహా యేమనగా: డబ్బు చెల్లింపక ముందే యంత్రమును తెరపించి, సెట్టింగ్సులో సిస్టము, అబౌట్ అను చోట నున్న పేరును పూర్తిగా చదివింపుడు. మూడు ప్రశ్నలడుగుడు. సంఖ్య ఎంత? విండోసు 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోసు 11 పాత యంత్రములలో పెక్కింటిపై ఎక్కదు. కావున పాత యంత్రము కొనువారు ఈ ప్రశ్నను మరవరాదు. బిరుదు ఏది? ఇంటిలో చదువుకొను బిడ్డకు సాధారణముగా హోము చాలును. డిస్కునంతను బిట్‌లాకరుతో తాళమువేసి కాపాడుట, దూరమునుండి తన యంత్రమును నడపించుట, కార్యాలయపు సర్వరులో చేరుట వంటివి కావలసినవారికే ప్రో అవసరము. తోక ఏది? ఎస్ మోడు ఉన్నయెడల భయపడకుడు, డబ్బీయకుడు. బడికి రండు, మీ బిడ్డచేతనే తీయింతుము.

విద్యార్థులకు ఒక్క హెచ్చరిక. ఇంత చిక్కు పడలేక దొంగ తాళపుచెవులతో పెద్ద తరగతి విండోసును ఎక్కించుకొనువారు మన ఊరిలో గలరని మే మెరుగుదుము. పేరులు మోసకరముగా నున్నవి గదాయని దొంగతనము న్యాయము కానేరదు. ఆ దొంగ ప్రతులతోపాటు యంత్రమును పాడుచేయు ప్రోగ్రాములును లోనికి వచ్చుట కద్దు. తాళము అన్యాయమని తోచినయెడల తాళములేని లినక్సు ఉన్నది. దానిని నేర్చుకొనుట పౌరుషము.

గోపురము కట్టబూనినవాని ఉపమానమును మనము ఆదివారపు బడిలోనే నేర్చుకొంటిమి. పని మొదలిడక మునుపే వ్యయమును లెక్కించుకొనవలెననుట దాని సారము. కాని లెక్కించుటకు వెల తెలియవలెను. వెల తెలియుటకు వస్తువు తెలియవలెను. వస్తువును దాచి వెలను మాత్రమే చూపువానియెదుట ఎంత జాగరూకుడైనను గోపురమును సగములోనే విడువవలసివచ్చును. కొనువానికి వివేకమును, అమ్మువానికి సత్యమును రెండును కావలెను. ఒకటి లేనిదే రెండవది చాలదు.

ఆ దర్జీకి నాలుగు వేలు తిరిగి రాలేదు. పని చేసితిమి గనుక కూలి తీసికొంటిమని అంగడివారు చెప్పిరి. అయితే ఆయన కుమార్తె ఊరకుండలేదు. పైని మూడు ప్రశ్నలను తెలుగులో పెద్ద అక్షరములతో అట్టపై వ్రాసి, మా ప్రయోగశాల తలుపునకు అంటించినది. ఈ యేడు ముగ్గురు తండ్రులు ఫీజు చెల్లింపవచ్చి, దానిని చూచి, చీటీపై వ్రాసికొని పోయిరి. ఎస్ మోడుతో వచ్చిన లాప్‌టాపు నొకదానిని ఆ బాలికయే తన తరగతి పిల్లలయెదుట అయిదు నిమిషములలో విడిపించి చూపినది. మేము ప్రక్కన నిలువబడి చూచుచుంటిమి.